మాత్రకు ముందు తీసిన నమూనా

ఉదయం ఎనిమిదీ పదికి రేపల్లె ప్యాసింజరు తెనాలి స్టేషన్లో ఆగింది. పాల క్యాన్లు, ఆకుకూరల గంపలు దిగాయి. వాటి వెనకే సుభాని స్టీలు క్యారియరు పట్టుకుని దిగాడు. రోజూ జరిగేదే. ఆ క్యారియరులో అన్నం ఉండదు. రేపల్లె చుట్టుపక్కల రోగుల రక్తం, కళ్లె, మలం గొట్టాల్లో పెట్టి, అవి కదలకుండా చుట్టూ దూది కుక్కి తెస్తాడు. అంతకుముందు కాంపౌండరుగా చేసిన మనిషి, రేపల్లెలో మా ల్యాబు తరఫున నమూనాలు తీసేవాడు.

"ఇవాళ పక్క సీటాయన, ఏం కూర తమ్ముడూ అని అడిగాడు సార్," అన్నాడు ల్యాబులోకి వస్తూనే.

"నువ్వేమన్నావు?"

"పత్యం కూరండి, మీకు పడదు అన్నాను."

రాజ్యం నవ్వింది. నవ్వుతూనే ఒక గొట్టం కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత ఇంకొకటి. బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. వాటి మీద అంటించిన చీటీలు చదివింది.

"ఏవండీ, ఇవన్నీ ఒక్క ఊరివే," అంది.

రాజ్యలక్ష్మి నా భార్య. ఆమె మైక్రోబయాలజీ చదివింది, నేను పాథాలజీ. ఎనభైల మొదట్లో తెనాలిలో ఒక మేడ కింద రెండు గదులు తీసుకుని ల్యాబు పెట్టాం. బాపట్ల నుంచి, రేపల్లె నుంచి కూడా నమూనాలు వచ్చేవి. క్రిములను పెంచే ద్రావణాలు ఆమే తయారుచేసేది. మొదట్లో ఇంట్లో ప్రెషర్ కుక్కరే మాకు సామాన్లు ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవు. ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలు కొందరు నన్ను అనుభవాలు రాయమన్నారు. యంత్రాలు ఎప్పుడు కొన్నామో, ల్యాబు ఎంత పెరిగిందో రాయను. ఆ సంగతులు ఎవరికీ పనికిరావు. ఎనభైల చివర్లో ఒక వానాకాలం జరిగింది రాస్తాను. నా కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి అక్కడక్కడ మాట కటువుగా ఉంటుంది.

కాలవ చివరి ఊరు

రేపల్లె దాటి సముద్రం వైపు పోతే కాలవలు సన్నబడతాయి. ఈ ఊరు ఒక కాలవ చివర ఉంది. పేరు రాయను. ఆ ఊరివాళ్లు పడ్డది చాలు.

వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు. మరుగుదొడ్లు లేని ఊళ్లకు ఎండిన కాలవే మరుగు. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురికంతా కొట్టుకుంటూ చివరికి వస్తుంది. చివరి ఊరు ఆ నీళ్లతో మంచినీళ్ల చెరువు నింపుకుంటుంది.

"మొదట వచ్చే నీళ్లు పోనిచ్చి తర్వాత నింపుకోండి" అని ఏటా కరపత్రం వేసేవాళ్లు. పై ఊళ్లు నారుమళ్లకు నీళ్లు తిప్పుకోవడం మొదలుపెడితే చివరికి చుక్క రాదు. వచ్చిన రోజే తూము ఎత్తాలి. చెరువు అడుగు కనపడుతున్న జనాన్ని, ఎదురుగా వచ్చిన నీళ్లు వదిలేయమని చెప్పడం సలహా అనిపించుకోదు. రేపు జబ్బు వస్తే తప్పు మీదేనని అనడానికి ముందే అచ్చు వేసి పెట్టుకున్న జవాబు అది.

దొరకలేదు, లేదు

కలరా అనుమానం ఉన్నప్పుడు మేం మొదట చేసే పని చాలా చిన్నది. నమూనాలో ఒక చుక్క గాజు పలక కింద వేలాడేలా పెట్టి మైక్రోస్కోపులో చూస్తాం. పుస్తకాల్లో ఆ క్రిములను ఉల్కలతో, దోమల గుంపుతో పోలుస్తారు. అలా ఏమీ ఉండదు. అటూ ఇటూ గబగబా పోతుంటాయి. కలరా సీరం ఒక చుక్క కలిపితే ఆగిపోతాయి. అప్పుడు అనుమానం గట్టిపడుతుంది. పళ్లెంలో పెంచి, మర్నాడు ఖాయం చేసుకోవాలి.

ఆ రోజు ఏ చుక్కలోనూ ఏదీ కదల్లేదు. మర్నాడు పళ్లేల్లో ఏమీ మొలవలేదు. చూస్తే కలరా మలంలాగే ఉంది, లోపల ఏమీ లేదు.

"సుభానీ, వీళ్లు ముందే మందులు వాడారా?" అని అడిగింది రాజ్యం.

"అందరూ వాడారు మేడం. ఊళ్లో ఆర్.ఎం.పి. గారు గొట్టం మాత్రలు ఇస్తున్నారు. అవి పడ్డాక కూడా తగ్గనోళ్లే రేపల్లె ఆసుపత్రికి వస్తారు. నేను అక్కడ తీస్తున్నాను."

ఇది ఆ ఊరి ఆర్.ఎం.పి. ఒక్కడి పొరపాటు కాదు. నేను చూసినంత మేరా అందరూ అంతే చేసేవాళ్లు. పెద్ద డిగ్రీలున్నవాళ్లు కూడా ముందు మందు వేసి, తగ్గకపోతే అప్పుడు పరీక్షకు పంపేవాళ్లు. మాత్ర రోగికి మంచిదే. కానీ మాత్ర పడ్డాక క్రిమి చాలాసార్లు దొరకదు. దొరకలేదని ల్యాబు రాస్తుంది. లేదని పైవాళ్లు చదువుకుంటారు.

అందుకే ఆ రిపోర్టుల కింద ఇంకో వాక్యం టైపు చేశాం. మందులు వాడిన తర్వాత తీసిన నమూనా కాబట్టి దీన్నిబట్టి కలరా కాదని చెప్పలేం అని. రిపోర్టులు ఆసుపత్రికి వెళ్లాయి. తర్వాతి రోజు పేపర్లో ఆరోగ్యశాఖ అధికారి ఒకాయన ప్రకటన వచ్చింది. ఆ ఊళ్లో కలరా లేదు, తెనాలి ల్యాబు పరీక్షల్లో తేలింది, ప్రజలు పుకార్లు నమ్మవద్దు.

ఆసుపత్రికి ఫోను చేశాను. "మొత్తం ఎందుకని సారాంశం పంపాం సార్," అన్నాడు గుమాస్తా. మేం రాసిన రెండో వాక్యం సారాంశంలోకి రాలేదు.

రాజ్యం పేపరు మడిచి బల్ల మీద పెట్టింది. "సగం రిపోర్టు చదవడానికి ఎంత చదువు కావాలండీ?" అంది.

ఆ ప్రకటన వచ్చిన రోజున కూడా ఊళ్లోవాళ్లు ఆ చెరువు నీళ్లే తాగారు.

మెట్ల దగ్గర

మర్నాడు ల్యాబుకు తాళం వేసి ఇద్దరం రేపల్లె వెళ్లాం. అక్కణ్నుంచి సుభాని మమ్మల్ని బస్సులో ఆ ఊరికి తీసుకెళ్లాడు.

మేం వెళ్లేసరికి చెరువు మెట్ల మీద ఇద్దరు మనుషులు బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నారు. చల్లడం అయ్యాక ఒక బీడీ కాల్చుకునేంతసేపు ఆగారు. తర్వాత అక్కడే, ఆ మెట్ల దగ్గరే, సీసా ముంచి నీళ్లు పట్టి మూత బిగించారు.

"ఏంటి బాబూ, ముందు చల్లి తర్వాత పడుతున్నారు?" అంది రాజ్యం.

"శాంపిలు ఫెయిలయితే మా మీదకి వస్తదమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"తాగినవాళ్లకి వస్తే?"

ఆయన మెట్ల వైపు చూపించి, "ఇవాళ్టికి ఇక్కడ ముంచుకోమనండి, బానే ఉంటయ్," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. మంచి మాట చెప్తున్నాననే అనుకున్నాడు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. పాసయ్యే శాంపిలు తెమ్మని వాళ్లను పంపినవాడి మీద ఉంది. నీళ్లు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష అది. నీళ్లు బాగున్నాయని చెప్పించుకోవడానికి వాడుకున్నారు. మీరు ఏ ల్యాబులో పనిచేసినా, మీ బల్ల మీదకు వచ్చిన సీసా ఎక్కడ, ఎప్పుడు, ఎవరు నింపారో అడగండి. అడిగితే విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఏసురత్నం

చెరువుకు దగ్గర్లోనే ఏసురత్నం ఇల్లు. కూలిపని చేసుకునే మనిషి. ఆయన భార్య మరియమ్మను ముందు రోజు సాయంత్రం పూడ్చి వచ్చారు. సుభాని మమ్మల్ని చూపించి ఎవరమో చెప్పాడు.

"మా ఆడమనిషికి పరీక్ష చేసింది మీరేనంట గదండి," అన్నాడు నాతో.

"అవునండి."

"ఏమొచ్చింది?"

"మందులు పడ్డాక తీసిన నమూనా అది. అందులో ఏమీ దొరకలేదు."

"దొరక్కపోతే మరి ఎట్టా పోయిందండి?"

"కలరా అనే నా అనుమానం. కానీ ఆమె కాగితం మీద ఆ మాట రాయలేను."

ఆయన తల ఊపాడు. "ఆఫీసరుగారు జీపులో వచ్చాడు. పాసిపోయిన చేపల కూర పెట్టుంటావు, అది పడలేదన్నాడు. అందరూ విన్నారు. ఆ వారం మా ఇంట్లో చేపలే వండలేదండి. ఇప్పుడు మా అత్తగారోళ్లు, దానికి ఏం పెట్టావురా అని నన్నడుగుతున్నారు."

ఆ గడపలో నిలబడి విన్న ఈ మాట నా ముప్పై ఏళ్ల వృత్తిలో నేను విన్న అన్నిటికంటే నీచమైనది. ఒక మనిషి భార్యను పోగొట్టుకున్నాడు. జబ్బు పేరు చెప్పడం ఇష్టంలేని ఒక అధికారి ఆ చావును అతని కుండలోకి తోసి వెళ్లిపోయాడు.

"ఇంట్లో ఇంకా ఎవరున్నారు అన్నయ్యా?" అంది రాజ్యం.

"మా పాపేనమ్మా, సుగుణ. బళ్లో చదువుద్ది."

"నీళ్లు కాచి ఇస్తున్నారా?"

"కాయమని ఎవరన్నారమ్మా? మందు చల్లాం, తాగండి అన్నారు."

గుమ్మం పక్కన కూర్చున్న ఆ పిల్ల చేతిలో చెంబు ఉంది. రాజ్యం వెళ్లి ఆ చెంబు తీసుకుని బయట పారబోసి, పొయ్యి వెలిగించమంది. నీళ్లు తెర్లేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

తర్వాత ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్లాం. మాత్ర ఆపమంటామని భయపడ్డాడు.

"మాత్ర ఇవ్వకపోతే నన్ను తంతారండి."

"ఇవ్వొద్దనట్లేదు బాబూ," అంది రాజ్యం. "నోట్లో మాత్ర వేసే ముందు ఈ దూదిపుల్లకి మలం అంటించు. పుల్ల తీసి ఈ గొట్టంలో పెట్టు. ఆ తర్వాత నీ మాత్ర, నీ సెలైను, నీ ఇష్టం. నిమిషం కూడా పట్టదు."

ఆమె వండి తెచ్చిన ద్రావణం గొట్టాలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చాం. మేం చేసిన మార్పు అంతే. పుల్ల ముందు, మాత్ర వెనక. ఇన్నాళ్లూ ఎవరూ ఆ వరస మార్చమని అడగకపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. దొరక్కపోవడమే చాలామందికి సౌకర్యంగా ఉంది.

కదిలాయి

తర్వాత వచ్చిన క్యారియరులో సుగుణ పేరున్న గొట్టం ఉంది. చెంబు నీళ్లు మేం పారబోసేలోపే ఆ పిల్ల చాలా నీళ్లు తాగి ఉంటుంది.

"మాత్రకు ముందే తీశారు మేడం. నేను అడిగి మరీ తెచ్చాను," అన్నాడు సుభాని. "పిల్లని రేపల్లెలో చేర్చారు. సెలైను ఎక్కుతోంది. నాన్న పక్కనే ఉన్నాడు." ఆ రోజు కూర జోకు వేయలేదు.

నేను చుక్క పెట్టి చూశాను. కదులుతున్నాయి. రాజ్యాన్ని పిలిచాను. ఆమె కన్ను ఆనించి, సీరం కలిపి, మళ్లీ చూసింది.

"ఆగిపోయాయండీ," అంది.

మర్నాటికి పళ్లేల్లో పసుపుపచ్చటి మచ్చలు మొలిచాయి. వాటినీ పరీక్షించి ఖాయం చేసుకున్నాం. ఆ ఊరి గొట్టాల్లో మరికొన్నింటిలోనూ అదే వచ్చింది.

ఏసురత్నం ఇంటికి జీపులో వెళ్లిన అధికారి ఆ మధ్యాహ్నమే మా ల్యాబుకు వచ్చాడు. కబురు ఎలా తెలిసిందో తెలియదు. మర్యాదస్థుడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగాడు. రాజ్యం ఇచ్చింది.

"కాచినవేనా అమ్మా?" అన్నాడు.

"మా ఇంట్లో కాచినవే. మీరు ధైర్యంగా తాగొచ్చు," అంది.

ఆయన తాగి, గ్లాసు పెట్టి, నా వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, ఆ మాటే రాయాలా? తీవ్రమైన విరేచనాలు అని రాస్తే వైద్యం మారుతుందా ఏంటి? అదే సెలైను, అదే మాత్ర."

"వైద్యం మారదండి. చెరువు సంగతి మారుతుంది," అన్నాను.

"అసెంబ్లీ నడుస్తోంది. కలరా అంటే పైనుంచి అడుగుతారు. నేనేం చెప్పుకోను?"

"చేపల కూరని చెప్పండి," అంది రాజ్యం.

ఆయన ముఖం మారింది. "మీ ల్యాబుకి పర్మిషన్లన్నీ ఉన్నాయా అమ్మా?"

"లేవండి. ఎవరిని అడగాలో చెప్పేవాళ్లు కూడా లేరు. మీరు కనుక్కుని చెప్తే పుణ్యం ఉంటుంది."

లేచి వెళ్లిపోయాడు. చెడ్డవాడని అనను. ఇంట్లో ఆయన కూడా ఎవరికో తండ్రే అయి ఉంటాడు. కానీ ఒక పదం తన ఫైలులోకి రాకుండా చూసుకోవడం, ఆ నీళ్లు పిల్లల గొంతులోకి పోకుండా చూడటం కంటే ముఖ్యమని నమ్మాడు. అలా నమ్మినవాళ్లను నేను తర్వాత కూడా చూశాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు.

చదవడం

అప్పటిదాకా రిపోర్టులు కవరులో పెట్టి, అంటించి, డాక్టరుకు పంపేవాళ్లం. అదే పద్ధతి. ఆ రోజు రాజ్యం కవరు పక్కన పెట్టింది. "రిపోర్టు ఎవరి పేరు మీద ఉందండీ? సుగుణ పేరు మీద. ఆ పిల్ల తండ్రికి ఇద్దాం," అంది. ఒక ప్రతి ఆసుపత్రికి పంపాం. ఇంకో ప్రతి కోసం ఏసురత్నాన్ని రమ్మని కబురు చేశాం. కూతురు తేరుకుంటుందని డాక్టరు చెప్పాక సుభానితో పాటే రైల్లో వచ్చాడు.

ఆయనకు చదువు రాదు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. రాజ్యం దాని కింద అదే విషయం తెలుగులో రాసి, సంతకం పెట్టి, ఆయన్ని కూర్చోబెట్టి గట్టిగా చదివింది. సుగుణ మలంలో కలరా క్రిమి ఉంది. ఇది నీళ్ల ద్వారా వచ్చే జబ్బు. చెరువు నీళ్లు కాచకుండా తాగకూడదు.

"ఇంకోసారి చదవండమ్మా."

మళ్లీ చదివింది.

"ఇందులో మరియమ్మ పేరు లేదు గదా," అన్నాడు.

"లేదన్నయ్యా. ఆమె నమూనాలో మాకు కనపడలేదు. కనపడనిది రాస్తే, రేపు సుగుణ కాగితం కూడా అబద్ధమంటారు."

ఆయన కాగితం మడవకుండా చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. "సర్లేమ్మా. బిడ్డ కాగితమే తల్లికి కూడా అనుకుంటాను," అన్నాడు.

తర్వాత జరిగింది సుభాని చెప్పాడు. ఏసురత్నం ఊళ్లో దిగి తిన్నగా చెరువు దగ్గరికి వెళ్లాడు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్ల ఎదురుగా మెట్ల మీద నిలబడి, కాగితం చేత్తో పట్టుకుని, అందులో ఉన్నదంతా చదివినట్టే చెప్పాడు. రెండుసార్లు విన్నది అక్షరం పొల్లుపోలేదు. ఆయన అత్తగారు కూడా అక్కడే ఉంది. మొదట బిందె కుమ్మరించింది ఆమే.

కలరా అనే ఆ మాట పేపర్లో అచ్చయ్యాక నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. అంతకుముందు ట్యాంకర్లు లేవన్నారు. రోడ్డు బాగాలేదన్నారు. అదే రోడ్డు మీద వచ్చాయి. క్యారియరులో ఆ ఊరి గొట్టాలు తగ్గాయి, తర్వాత ఆగాయి. సుగుణ బతికింది. మరియమ్మ పేరు పక్కన ప్రభుత్వ కాగితాల్లో విరేచనాలు అనే ఉంది. దాన్ని మార్పించాలని ఏసురత్నం చాలాకాలం తిరిగాడు. మారలేదు.

బాపట్ల నుంచి ఫోను

రోగికే రిపోర్టు ఇచ్చి చదివి వినిపించడం ఆ తర్వాత మా ల్యాబులో అలవాటుగా పెట్టుకున్నాం. చెడ్డ కబురైతే రాజ్యం లోపలి గదిలో కూర్చోబెట్టి చదివేది. బాపట్లలో ఒక నర్సింగ్ హోం డాక్టరు మాకు ఎక్కువ నమూనాలు పంపేవాడు. తొంభైల్లో ఒకసారి ఆయన పేషెంట్లు కొందరికి, ఒకే హాస్టలు పిల్లలకు, కామెర్లు బయటపడ్డాయి. రిపోర్టులు పిల్లలకు ఇచ్చాం. ఆ డాక్టరు ఫోను చేశాడు.

"రిపోర్టు నాకు రావాలి కదండీ. పేషెంటు చేతికెందుకు?"

"పేషెంటుదండీ అది."

"వాళ్లకేం అర్థమవుతుంది?"

"చదివితే అవుతోంది."

"హాస్టలు ఓనరు మా ఫ్రెండు. నా మొహం చూడట్లేదు ఇప్పుడు."

ఆయన తర్వాత వేరే ల్యాబుకు పంపుకున్నాడు. పోతే పోయాడు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి హాస్టలు నీళ్ల తొట్టి కడిగించారు. ఓనరు ముఖం గురించి బాధపడే డాక్టరుకు ఆ తొట్టి సంగతి ముందే తెలుసునని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

మీరు వచ్చే ల్యాబుల్లో మా కాలంలో లేని యంత్రాలున్నాయి. మేం రోజంతా చూసింది అవి క్షణాల్లో చూస్తాయి. సంతోషమే. కానీ యంత్రం నమూనా ఎప్పుడు తీశారని అడగదు. రెండో వాక్యం రాయదు. ఎవరైనా కొట్టేస్తే పట్టించుకోదు.

రాజ్యం రెండేళ్ల క్రితం పోయింది. చివరి పరీక్షల రిపోర్టు పెద్ద ఆసుపత్రి నుంచి నా ఫోనుకు వచ్చింది. ఆమె మంచం మీద ఉంది. నేను చూసి ఫోను పక్కన పెట్టాను.

"అలా పెట్టేస్తారేంటి? చదవండి," అంది.

చదివాను. ఒక్క వాక్యం వదల్లేదు. ఆమె కళ్లు మూసుకుని విని, "ఇంకోసారి," అంది. మళ్లీ చదివాను.

తెనాలిలో మేడ కింద ఆ రెండు గదుల్లో ఇప్పుడు వేరేవాళ్ల ల్యాబు ఉంది. మొన్న వెళ్లి కాసేపు కూర్చున్నాను. వచ్చినవాళ్లు కవర్లు తీసుకుని వెళ్లిపోతున్నారు. రిపోర్టు ఇప్పుడు ఎవరూ చదివి వినిపించడం లేదు.